ఎండీ పీడియాట్రిక్స్ అయిపోయింది, క్లినిక్ వద్దంట, పిల్లల ఇమ్యూనిటీ మీద రీసెర్చ్ అంట!

కర్నూలు_నాయన
మా పాప ఎండీ పీడియాట్రిక్స్ మొన్ననే ముగించింది. గాయత్రీ ఎస్టేట్ పక్క రెండంతస్తుల బిల్డింగు కట్టి పెట్టినా. కింద ఓపీ, పైన పది బెడ్లు. మెడికల్ షాపు పెట్టుకునే వాని దగ్గర అడ్వాన్సు కూడా తీసుకున్నా. ఇప్పుడొచ్చి "నాయనా, నేను క్లినిక్ పెట్టను, పిల్లల ఇమ్యునాలజీ, ఇన్ఫెక్షన్ల మీద రీసెర్చ్ చేస్తా" అంటాంది. చండీగఢ్‌లో మూడేళ్ళ డీఎం అంట, ఎండీ మీద ఇంకో చదువు, ఆమీద ఏదో ఫెలోషిప్ అంట, మనసైతే పీహెచ్‌డీ కూడా అంట. పాపకు 29. అన్నీ అయ్యేటప్పటికి ఎంత వయసు పాపా అంటే లెక్క చెప్పకుండా నవ్వుతాంది.

అసలు ఇమ్యునాలజీ అంటే ఏంది? దానికి కర్నూల్లో పేషెంట్లు ఉంటారా? పిల్లోళ్ళకు జలుబు, దగ్గు, వాంతులు, విరేచనాలు. వీటికి డాక్టరు కావల్ల గానీ రీసెర్చ్ ఎవురికి కావల్లప్పా? సంబంధాలు వస్తాండాయి, వాళ్ళకు ఏం చెప్పల్ల? తెలిసినోళ్ళు చెప్పండి. తిట్టేదుంటే పాపను తిట్టండి, నన్ను ఇంట్లో ఇప్పటికే తిడతాండారు.

ఉగ్గాని_బజ్జి
ముందు ఆ మెడికల్ షాపాయన అడ్వాన్సు తిరిగిచ్చేయ్ అన్నా. మిగతాది నిదానంగా మాట్లాడుకుందాం.

కేసీ_కెనాల్
నాయన చెప్పేదాంట్లో న్యాయముంది. 34 ఏళ్ళు అయ్యవారి పని చేసినాను. నాకు తెలిసిన డాక్టర్లు పిల్లోని నాడి పట్టేవాళ్ళు. ఇప్పటి పిల్లలు ఎలకలను పట్టుకుంటామంటారు. కర్నూలు పెద్దాసుపత్రి పిల్లల వార్డు ముందర పొద్దున 8కి పోయి నిలబడండి, లైను ఎంత ఉంటాదో తెలుస్తాది. ఆ లైను చూసేవాళ్ళు లేరు, ఇంకొకరు ల్యాబులోకి పోతే ఎట్ల?

ప్రొద్దుటూరు_పిపెట్
@కేసీ_కెనాల్ నేను ఎలకలనే పట్టుకుంటాండా సార్, నాలుగేళ్ళుగా. అవి కూడా నన్ను పట్టుకున్నాయి, వేలి మీద మచ్చుంది.

నాయన గారూ, డబ్బు సంగతి ముందే చెప్పేస్తా, ఇక్కడ ఎవురూ చెప్పరు. మాలాంటి ఎమ్మెస్సీ వాళ్ళకు జేఆర్ఎఫ్, అంటే రీసెర్చ్ చేసేటోళ్ళకిచ్చే ఫెలోషిప్పు, నెలకు 37,000. అదీ 2023 నుంచి, అంతకుముందు 31,000. వచ్చేది ఎంత అన్నదాని కంటే ఎప్పుడు వస్తాది అన్నదే పెద్ద బాధ. ఒకసారి అయిదు నెలలది ఒకేసారి పడింది, బ్యాంకాయన లాటరీ తగిలిందా అని అడిగినాడు. మీ పాప దారి వేరే. ఎండీ చేసినోళ్ళకు డాక్టరు జీతంతో పాటు రీసెర్చ్ డబ్బులు ఇచ్చే ఫెలోషిప్పులున్నాయి. కేంద్రం బయోటెక్నాలజీ శాఖ (డీబీటీ), బ్రిటన్ వెల్కమ్ ట్రస్ట్ కలిసి పెట్టిన ఇండియా అలయన్స్ ఒకటి, ఆఫీసు హైదరాబాదులోనే. పోటీ మాత్రం మామూలుగా ఉండదు.

సాయినగర్_స్టెతస్కోపు
అనంతపురంలో 22 ఏళ్ళుగా పిల్లల ప్రాక్టీసు చేస్తున్నాను. నాయన గారి మొదటి ప్రశ్నకు జవాబిస్తాను, రెండోదానికి ఇక్కడి తల్లులెవరైనా ఇస్తారు.

పిల్లోడంటే చిన్న సైజు పెద్దోడు కాదు. పుట్టినప్పుడు వాడి ఒంట్లో తిరిగే యాంటీబాడీలు చాలావరకు వాళ్ళమ్మవి. నెలలు గడిచేకొద్దీ అవి అరిగిపోతాయి, వాడి సొంతవి నిదానంగా పుడతాయి. ఆ మధ్య సందులోనే జబ్బులు దూరతాయి. ఇంకో చిత్రం చెప్తాను. కొన్ని బ్యాక్టీరియాలకు పైన చక్కెర పూత ఉంటుంది. పెద్దవాళ్ళ ఒళ్ళు ఆ పూతను గుర్తు పడుతుంది, రెండేళ్ళ లోపు పిల్లల ఒళ్ళు సరిగ్గా పట్టదు. అందుకే అలాంటి ఒక బ్యాక్టీరియాకు చేసిన హిబ్ టీకా మొదట్లో చంటిపిల్లల మీద పని చేయలేదు. ఆ చక్కెరకు ఒక ప్రొటీన్‌ను అతికించి ఇస్తే చేసింది. మీ పెంటావాలెంట్ సూదిలో ఉన్నది అదే. ఈ "ఎందుకు పట్టదు" అన్నదే ఇమ్యునాలజీ.

ఇక రీసెర్చ్ ఎవరికి కావాలి అన్నారు. 1980ల నడుమ ఢిల్లీ ఎయిమ్స్‌లో ఎం.కె. భాన్ అని పిల్లల డాక్టరే, ఎలకల డాక్టరు కాదు. అక్కడ పుట్టిన పసిపిల్లల మలంలో రోటావైరస్ కనబడింది. కనబడితే విరేచనాలు పట్టుకోవాలి కదా, పిల్లలు మాత్రం హాయిగా పాలు తాగుతున్నారు. వేరేవాళ్ళయితే "బాగున్నారు కదా, ఇంటికి పంపండి" అనేవాళ్ళు. ఆయన బృందం వాళ్ళను ఇళ్ళదాకా వెంబడించింది. తర్వాత ఆ పిల్లలకు తీవ్రమైన రోటావైరస్ విరేచనాలు బాగా తక్కువ. ఆ నెమ్మదైన వైరస్ పేరు 116ఈ. దాన్నే హైదరాబాదు భారత్ బయోటెక్ వాళ్ళు చుక్కల మందు చేశారు, రోటావాక్. సుమారు 6,800 మంది పిల్లల మీద చూసిన ఫలితాలు 2014లో వచ్చాయి. 2016లో ప్రభుత్వ టీకాల్లోకి ఎక్కింది, మొదటి నాలుగు రాష్ట్రాల్లో మన ఆంధ్రప్రదేశ్ ఒకటి. అంటే వార్డులో చూసిన రోజు నుంచి మన ఊరి పిల్లోడి నోట్లో పడేదాకా 30 ఏళ్ళు.

కర్నూలు_నాయన
30 ఏళ్ళా!! నేను పాపకు సంబంధం గురించి అడుగుతాంటే మీరు నన్ను ఇంకా భయపెడతాండారు సార్.

ఏఎన్ఎం_అక్క
ఆ చుక్కలు నేను వేస్తాండేవే. ఆరో వారం, పదో వారం, పద్నాలుగో వారం. రోటావాక్ అయిదు చుక్కలు. "పోలియోకి రెండే కదా, దీనికి అయిదెందుకు, బిడ్డ కక్కితే?" అని ప్రతి తల్లీ అడుగుతాది. దీని వెనకాల ఇంత కథ ఉందని మాకు ట్రైనింగులో ఎవురూ చెప్పలేదు.

కేసీ_కెనాల్
కథ బాగుంది. మా మనవడు ఆ చుక్కలన్నీ వేయించుకున్నాడు, అయినా విరేచనాలతో మూడు రోజులు సెలైన్ ఎక్కించినారు. దాని పనితనం సగమే అంట కదా? పేపర్లో చదివినా.

సాయినగర్_స్టెతస్కోపు
తీవ్రమైన రోటావైరస్ జబ్బును ఆపడంలో సగానికి కాస్త పైనే. నిజమే. విరేచనాలు తెచ్చే క్రిములు ఇంకా చాలా ఉన్నాయి, మీ మనవడిది రోటానే అని ఎవరు చూశారు?

ప్రొద్దుటూరు_పిపెట్
ఆ "సగమే ఎందుకు" అన్నదాని మీదనే జనాలు జీవితాలు పెట్టినారు సార్. మనం రోగమొస్తే వేలూరు బస్సెక్కుతాం కదా, ఆ వేలూరు సీఎంసీ ఆసుపత్రి డాక్టరు గగన్‌దీప్ కాంగ్ మేడం వాళ్ళు పేటల్లో 373 మంది పిల్లలను పుట్టినప్పట్నుంచి మూడేళ్ళ దాకా చూసినారు. ఊరికే చూడడం కాదు, రెండు వారాలకోసారి మలం తీసుకోవడం, రక్తం తీసుకోవడం, విరేచనమైతే మళ్ళీ తీసుకోవడం. మెక్సికోలో అంతకుముందు చేసిన పరిశోధనలో రెండుసార్లు రోటా తగిలితే చాలు, గట్టి జబ్బు మళ్ళీ రాలేదు. మన దగ్గర మూడుసార్లు తగిలినాక కూడా రక్షణ 79 శాతమే. అది 2011లో అచ్చైంది. అసలు జబ్బే మన పిల్లలకు పూర్తి రక్షణ ఇవ్వకుంటే, చుక్కల మందును ఏమని తిట్టాల?

ఆ మేడం 2019లో పెద్ద పెద్ద శాస్త్రవేత్తలుండే లండన్ రాయల్ సొసైటీకి ఎన్నికయింది, మన దేశంలో పని చేస్తా ఆ గౌరవం పొందిన మొదటి మహిళ. నాయన గారూ, సంబంధం వాళ్ళకు ఈ పేరు చెప్పండి.

ఉగ్గాని_బజ్జి
సంబంధం వాళ్ళకు "మా పాప 373 మంది పిల్లల మలం పరీక్ష చేస్తాది" అని చెప్తే కట్నం తగ్గిస్తారా పెంచుతారా?

ఏఎన్ఎం_అక్క
@ఉగ్గాని_బజ్జి నీ పేరు పెట్టుకోని ఇట్లాంటి మాటలు రాస్తే పొద్దున టిఫిను ఎట్ల తినల్ల 😂

గుత్తి_జంక్షన్
చాలా రోజులుగా చదవడమే తప్ప రాయలేదు. నాయన గారు "కర్నూల్లో పేషెంట్లు ఉంటారా" అన్న మాట చూసి రాస్తున్నా.

మా పెద్దోడు పుట్టినప్పుడు బంగారంలా ఉన్నాడు. ఎనిమిదో నెలలో న్యుమోనియా. తగ్గింది. పదకొండో నెలలో మళ్ళీ. చెవి కారేది, ఎన్ని మందులు పోసినా కారుతూనే ఉండేది. రెండేళ్ళు నిండకముందే న్యుమోనియా మూడుసార్లు. తొమ్మిది మంది డాక్టర్లను మార్చాం. ఎవర్నీ తప్పు పట్టను, ప్రతి ఒక్కరూ ఆ పూటకు జ్వరం తగ్గించారు. ఒక పెద్ద ఆసుపత్రిలో మాత్రం "అమ్మా, నీకు శుభ్రం తెలీదు, బిడ్డకు సరిగ్గా తిండి పెట్టవు" అన్నారు. ఆ రోజు రైల్లో గుత్తి దాకా ఏడ్చుకుంటూ వచ్చా.

పెనుకొండ దర్గాలో అంత్రం కట్టించాం. మా అత్త పేరు మార్చమంది. బడి రిజిస్టరులో ఒక పేరు, ఇంట్లో మాత్రం వాడు ఇప్పటికీ తిప్పయ్యే. తిప్ప మీద పడేసి, చాటెడు తవుడుకు కొనుక్కున్నాం, నిజంగానే. చదువుకున్న దాన్నే, అయినా చేశా. మా అమ్మకు నా తర్వాత ఇద్దరు మగపిల్లలు పుట్టి ఏడాది, రెండేళ్ళకు పోయారు. మా జేజి "మన ఆడోళ్ళకు మగబిడ్డ దక్కడు" అనేది. ఆ మాట నా చెవుల్లో తిరిగేది.

పదో డాక్టరు చిన్న వయసామె. బిడ్డ నోరు తెరిపించి టార్చి వేసి చాలాసేపు చూసి "వీడికి టాన్సిల్స్ ఏవీ?" అంది. టాన్సిల్స్ వాచాయి అనడమే విన్నా గానీ లేవు అనడం వినలేదు. తర్వాత "మీ అన్నదమ్ములు ఎంతమంది?" అని అడిగింది. అప్పటిదాకా తొమ్మిది మందిలో ఒక్కరూ నా పుట్టింటి గురించి అడగలేదు. నేను చెప్పా. ఆమె రాసుకుంది. రక్తంలో ఐజీజీ, అంటే యాంటీబాడీలు ఎన్ని ఉన్నాయో చూసే పరీక్ష రాసింది. మామూలు ల్యాబు వాళ్ళే తీసుకుని పంపారు. వచ్చిన అంకె చూసి ల్యాబు వాళ్ళే ఫోను చేసి "మళ్ళీ తీస్తాం, తప్పు పడినట్లుంది" అన్నారు. తప్పు పడలేదు, దాదాపు సున్నా.

ఇప్పుడు వాడికి 11. నాలుగు వారాలకోసారి ఇమ్యునోగ్లోబులిన్, అంటే బయటి నుంచి యాంటీబాడీలు, ఎక్కిస్తారు. కిలోకు 400 మిల్లీగ్రాముల లెక్కన, 15 కిలోలున్నప్పుడు 6 గ్రాములు, ఇప్పుడు 30 కిలోలు, 12 గ్రాములు. బిడ్డ లావైతే తల్లికి సంతోషం కదా, నాకు లెక్క కూడా వస్తుంది. మా ఆయన రైల్వే కాబట్టి మందు అందుతోంది. వాడు మాత్రం క్రికెట్టు ఆడి మోకాళ్ళు చీల్చుకుని వస్తాడు.

ఏఎన్ఎం_అక్క
అక్కా, రెండుసార్లు చదివినా.

ప్రొద్దుటూరు_పిపెట్
ఎక్స్ఎల్ఏ కదా అక్కా? ఒంట్లో యాంటీబాడీలే పుట్టని బ్రూటన్ జబ్బు?

గుత్తి_జంక్షన్
అదే. ముంబై నుంచి జీను రిపోర్టు కూడా వచ్చింది. నాకూ చేశారు, ఆ చెడ్డ జీను నేను మోసేదాన్నంట.

సాయినగర్_స్టెతస్కోపు
బ్రూటన్ అమెరికా సైన్యంలో పిల్లల డాక్టరు. ఆయన దగ్గరికొచ్చిందీ ఒక్క పిల్లోడే, ఎనిమిదేళ్ళవాడు, వాడికీ ఇన్ఫెక్షన్ మీద ఇన్ఫెక్షన్. అప్పుడే కొత్తగా వచ్చిన ఒక మిషన్లో రక్తపు ప్రొటీన్లను విడదీసి చూస్తే గామా గ్లోబులిన్, అంటే యాంటీబాడీల గీత ఉండాల్సిన చోట ఖాళీ. మిషన్ చెడిందనుకున్నారు మొదట. గుత్తి ల్యాబు వాళ్ళ ఫోను గురించి చదవగానే నాకు అదే గుర్తొచ్చింది. బయటి నుంచి గామా గ్లోబులిన్ ఇస్తే పిల్లోడు కోలుకున్నాడు. 1952లో ఒక చిన్న వ్యాసం రాశాడు. ఏ జీను అన్నది తేలడానికి 1993 దాకా పట్టింది.

మా చదువులో ఇది అర పేజీ. 22 ఏళ్ళలో నేను ఇద్దరిని పట్టుకున్నా. ఎంతమందిని పట్టుకోకుండా ఇంటికి పంపి ఉంటానో.

కేసీ_కెనాల్
అమ్మా గుత్తి, నీ ఓపికకు దండం. దీనికంతా మూలం మేనరికాలు. మన సీమలో మేనమామకో, బావకో ఇచ్చి చేస్తాం. ఫలితం ఇదే.

గుత్తి_జంక్షన్
మాది మేనరికం కాదు సార్. మా ఆయనది గుంటూరు వైపు.

ఉగ్గాని_బజ్జి
కెనాల్ సారుకు గండి పడింది.

సాయినగర్_స్టెతస్కోపు
ఇద్దరి మాటా సగం నిజం. గుత్తి అమ్మాయి బిడ్డది తల్లి ఎక్స్ క్రోమోజోము నుంచి వచ్చేది. తండ్రి ఏ ఊరివాడైనా ఒకటే, మగపిల్లల్లో సగం మందికి వచ్చే అవకాశం. దానికీ మేనరికానికీ పని లేదు. కానీ ఇమ్యూనిటీ లోపాల్లో వేరే రకాలు చాలా ఉన్నాయి, తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండు చెడ్డ జీన్లూ కలిస్తేనే వస్తాయి. వాటికి మేనరికం దారి వేస్తుంది. మేనమామ కూతురు, మేనత్త కొడుకు పెళ్ళిలో బిడ్డకు ఒక జీను రెండు వైపుల నుంచీ అచ్చం అదే వచ్చే అవకాశం 16లో 1. మేనమామకు అక్క కూతుర్నిస్తే 8లో 1. మన దగ్గర రెండూ మామూలే కాబట్టి, ఈ జబ్బుల కోసం వెతికేవాళ్ళు చండీగఢ్‌లో కంటే కర్నూల్లో ఎక్కువ పని చూస్తారు.

చండీగఢ్_చలి
ఎవరో పిలిచినట్లుంది. నాది కడప, ఏడు రోడ్ల దగ్గర మా ఇల్లు, ఇక్కడ రెండో ఏడు. పాప చెప్పేది నేను చదివే కోర్సే. డీఎం అంటే రోగులను వదిలేయడం కాదు అంకుల్. పొద్దున ఓపీ, రౌండ్లు. మధ్యాహ్నం ఫ్లో సైటోమెట్రీ, అంటే రక్తంలోని కణాలు లేజరు ముందు నుంచి ఒక్కొక్కటే లైనుగా పోతాయి, ఇది టీ కణం, ఇది బీ కణం అని మిషన్ లెక్కపెడుతుంది. పెద్దాసుపత్రి లైను కంటే క్రమశిక్షణ ఎక్కువ. న్యూట్రోఫిల్స్ అనే తెల్లకణాలకు ఒక రంగు కలిపి రెచ్చగొడితే బాగున్నవి వెలుగుతాయి, ఆ కణాలు క్రిములను సరిగ్గా చంపలేని క్రానిక్ గ్రాన్యులోమాటస్ జబ్బున్న పిల్లోడివి వెలగవు. మొదటిసారి ఆ వెలగని గ్రాఫు చూసినప్పుడు సంతోషపడ్డా, జబ్బు దొరికిందని. తర్వాత బయటికెళితే వాళ్ళమ్మ కూర్చుని ఉంది.

తిండి గురించి అడక్కండి. రాజ్మా, రాజ్మా, రాజ్మా. పాపకు గోంగూర పచ్చడి కట్టి పంపండి.

ధర్మవరం_పట్టు
రీసెర్చ్ అంటే ఢిల్లీ, చండీగఢేనా? మా పక్కనే బత్తలపల్లి ఆర్డీటీ ఆసుపత్రి ఉంది. ఆ ఆర్డీటీ సంస్థ పెట్టిన స్పెయిన్ ఆయన ఫెర్రర్ అనంతపురం వచ్చింది 1969లో. ఆ ఆసుపత్రికి వచ్చే హెచ్ఐవీ రోగులను, పిల్లలతో సహా, ఏళ్ళ తరబడి వెంబడించి అక్కడి డాక్టర్లు అంతర్జాతీయ జర్నళ్ళలో పేపర్ల మీద పేపర్లు వేసినారు. అట్ల వెంబడించిన రోగుల గుంపుకు, అంటే కోహార్టుకు, ఫెర్రర్ పేరే పెట్టినారు. చీరల ఊరి పక్క చెనక్కాయల పొలాల మధ్య జరిగిన పనే అది.

ఏఎన్ఎం_అక్క
డాక్టరు సారూ, ఒకటి అడగాల. ఇట్లాంటి బిడ్డలకు బీసీజీ, అదే టీబీ టీకా, వేస్తే ప్రమాదమని ఎక్కడో విన్నా. మేం పుట్టంగానే అందరికీ వేస్తాం. మానల్లా?

సాయినగర్_స్టెతస్కోపు
మానొద్దు అక్కా, దయచేసి ఈ మాట ఊర్లో పాకనీయొద్దు. బీసీజీ పసిపిల్లలకు మెదడు టీబీ రాకుండా కాపాడుతుంది. మన పక్క మదనపల్లెలో 1948లో మొదలై దేశమంతా పోయిన టీకా అది. ఇమ్యూనిటీ పూర్తిగా లేని బిడ్డకు మాత్రం అందులోని బతికున్న క్రిమే ఒళ్ళంతా పాకవచ్చు. చాలా అరుదు. మీరు చేయగలిగింది ఒకటుంది: వేసే ముందు "ఇంతకుముందు బిడ్డలెవరైనా నెలల్లోనే ఇన్ఫెక్షన్‌తో పోయారా?" అని అడగండి. అవునంటే ఆ బిడ్డను ముందు డాక్టరుకు చూపించమనండి.

ఏఎన్ఎం_అక్క
అడుగుతా సార్. రేపు బుధవారమే, టీకాల రోజు.

రాజంపేట_రైలు
అలా తేలితే వైద్యం ఉందా? ఖర్చు ఎవరు పెట్టుకుంటారు? మా చెల్లెలి బిడ్డకు ఇలాంటిదే ఏదో అంటున్నారు.

చండీగఢ్_చలి
@రాజంపేట_రైలు తీవ్రమైన రకాలకు ఎముక మజ్జ మార్పిడి. ఎంత చిన్నప్పుడు చేస్తే అంత మంచిది. 2021 అరుదైన వ్యాధుల జాతీయ విధానం కింద, ప్రభుత్వం గుర్తించిన కేంద్రాల్లో అయితే 50 లక్షల దాకా సాయముంది. మనకు దగ్గరది హైదరాబాదు, నిమ్స్ ఆసుపత్రి, డీఎన్ఏ పరీక్షల సంస్థ సీడీఎఫ్‌డీ కలిసి నడిపేది. రిపోర్టులు ఇక్కడ పెట్టకండి, నాకు ప్రైవేటు మెసేజ్ పంపండి.

కర్నూలు_నాయన
నిన్న రాత్రి అంతా చదివినా. మా ఆమెకు కూడా చదివి వినిపించినా. ఒక మాట మొదట రాయలేదు. మాది మేనరికమే, మా అక్క కూతురు. పాపకు ముందు ఒక కొడుకు, అయిదో నెలలో పోయినాడు. 1994. విరేచనాలు, జ్వరం, బరువు పెరగలే. పాలు పడలేదన్నారు, దిష్టి అన్నారు. ఇంట్లో ఆ పేరు ఎత్తం.

గుత్తి అమ్మాయి రాసింది చదివేటప్పుడు మా ఆమె మధ్యలో ఆపి చెప్పింది. పాప మూడో ఏడు ఎంబీబీఎస్‌లో ఉన్నప్పుడు ఇంటికొచ్చి అడిగిందంట, "అమ్మా, అన్నకు నోట్లో తెల్లగా పేరుకుని ఉండేదా, తుడిచినా పోకుండా?" అని. ఉండేది. నాకు చెప్పొద్దు అని తల్లితో ఒట్టు వేయించుకుందంట. ఏడేళ్ళు అయింది.

గుత్తి_జంక్షన్
అన్నా...

సాయినగర్_స్టెతస్కోపు
నాయన గారూ, 30 ఏళ్ళ కింద పోయిన బిడ్డకు ఇప్పుడు ఫలానా జబ్బని పేరు పెట్టలేం. నోట్లో తెలుపు ఇమ్యూనిటీ లోపానికి ఒక గుర్తే గానీ, మామూలు పిల్లలకూ వస్తుంది. కానీ పాప పెళ్ళికి ముందు ఒకసారి జెనెటిక్ కౌన్సెలింగుకు పొమ్మనండి. బహుశా ఆమెకే తెలిసి ఉంటుంది.

కేసీ_కెనాల్
నేను రాసిన మేనరికం మాట వెనక్కి తీసుకుంటాండా. మాట తప్పని కాదు, రాసిన తీరు.

కర్నూలు_నాయన
లేదు సార్, మీరేమన్నారు. ఆ డీఎం ప్రవేశ పరీక్షకు ఫీజు కట్టినా పొద్దున. సంబంధం వాళ్ళకు ఫోన్లో చెప్పినా, "మూడేళ్ళు ఆగుతారా" అని. ఒకరు పెట్టేసినారు, ఒకరు ఆలోచిస్తామన్నారు. అడ్వాన్సు తిరిగిచ్చేసినా @ఉగ్గాని_బజ్జి.

గాయత్రీ ఎస్టేట్ పక్క కింద పోర్షన్ బాడుగకు ఉంది. పది బెడ్లకు పర్మిషను ఉంది, బోరు నీళ్ళు, మూడు ఫేజుల కరెంటు. పిల్లల డాక్టరైతే బాడుగలో 5,000 తగ్గిస్తా.

ఉగ్గాని_బజ్జి
కారు పార్కింగు ఉందా అన్నా? మా బామ్మర్ది పండ్ల డాక్టరు, ఆయనకు ఎంత తగ్గిస్తావ్?